దీవికి ఒక్కరోజు ప్రయాణం: ముందు తిరుగు పడవ చూసుకోండి

దీవికి వెళ్దామనుకోగానే అందరం అడిగే మొదటి ప్రశ్న "పొద్దున్న పడవ ఎన్నింటికి?" అని. ముందు అడగాల్సింది అది కాదు. "సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికి? అది తప్పితే ఏమిటి దారి?" అని అడగాలి. రోడ్డు ప్రయాణంలో ఆలస్యమైతే ఇంకో బస్సు ఉంటుంది, ఆటో ఉంటుంది, ఏదీ లేకపోతే కాళ్ళున్నాయి. దీవి మీద చిక్కుకుంటే ఇవేవీ పనికిరావు. అందుకే ఏ దీవి, ఏ పడవ, ఏ రోజు, దిగాక నడకా సైకిలా అన్నవన్నీ తిరుగు ప్రయాణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ తేల్చుకోవాలి. అలా వేసుకుంటే చాలా సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

నాకు ఈ సంగతి ఒక బురద రేవులో తెలిసింది. ఒకసారి ఇంటిల్లిపాదీ ఎనిమిది మందిమి ఒక చిన్న దీవికి పడవ మాట్లాడుకుని వెళ్ళాం. పొద్దున్న తొమ్మిదింటికి దిగేటప్పుడు నీళ్ళు రేవు మెట్ల పైదాకా ఉన్నాయి. మా అమ్మ చీర అంచు కూడా తడవకుండా దిగింది. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి చూస్తే అక్కడ నీళ్ళే లేవు. పైన నాలుగు మెట్లు తెల్లగా పొడిగా ఉన్నాయి, వాటి కింద మెట్లన్నీ పచ్చటి పాచితో జారుతున్నాయి, వాటికింద బురద, ఆ బురదకి చాలా అవతల మా పడవ. అమ్మని ఇద్దరం చెరో రెక్క పట్టుకుని మోకాలి లోతు బురదలో నడిపించుకెళ్ళాం. ఆవిడ చెప్పు ఒకటి అందులోనే ఉండిపోయింది. మధ్యాహ్నానికి నీళ్ళు తీస్తాయని పడవవాళ్ళు చెప్పలేదు. మేమూ అడగలేదు. అరవై ఏడేళ్ళ మనిషిని అలా నడిపించాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ ప్రయాణం ఇంకోలా ఉండేది.

ఏ పడవ

ఒడ్డు నుంచి దీవికి వెళ్ళడానికి సాధారణంగా మూడు దారులుంటాయి. మొదటిది టైమ్ ప్రకారం తిరిగే ఫెర్రీ. దీవిలో ఉండేవాళ్ళు రోజూ ఎక్కేది ఇదే. రెండోది సందర్శకుల కోసం నడిపే లాంచీ. పొద్దున్న తీసుకెళ్ళి, చూపించాల్సినవి చూపించి, సాయంత్రం తెచ్చి దింపుతారు. మూడోది మనమే మొత్తంగా మాట్లాడుకునే చిన్న మర పడవ. కయాక్‌లో సొంతంగా తెడ్డు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళూ ఉంటారు. దానికి విడిగా శిక్షణ, అనుభవం కావాలి కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఎక్కువమందికి నేను చెప్పేది ఫెర్రీయే. దీవి జనం పనులకి, బడికి, ఆస్పత్రికి ఆ పడవ మీదే ఆధారపడతారు. వాళ్ళు ఇళ్ళకి చేరాలి కాబట్టి సాయంత్రం ట్రిప్పు మామూలుగా తప్పదు. పడవ పెద్దది కాబట్టి కాస్త గాలికి తట్టుకుంటుంది. పైగా ఫెర్రీ ఆగే చోట మంచి రేవు ఉంటుంది, సామాను దింపుకునే వీలుంటుంది, పెద్దవాళ్ళు దిగడానికి పలకో మెట్లో ఉంటాయి. దీని ఇబ్బంది ఒక్కటే, టైమ్ వాళ్ళది. చిన్న దీవులకి రోజుకి రెండు మూడు ట్రిప్పులే ఉండొచ్చు. టైమ్ టేబుల్ బోర్డు చదివేటప్పుడు అంకెల పక్కన ఉండే చిన్న నక్షత్రం గుర్తుల్ని వదలకండి. "బడి ఉన్న రోజుల్లో మాత్రమే", "సెలవు రోజుల్లో లేదు" లాంటివన్నీ ఆ గుర్తు కిందే ఉంటాయి. తిరుగు టికెట్ కొన్నంత మాత్రాన ఆఖరి పడవలో చోటు ఖాయమా, లేక ముందొచ్చినవాళ్ళకే చోటా అన్నది కూడా కొనేటప్పుడే అడగాలి. పండగ రోజుల్లో ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

లాంచీ ట్రిప్పు తొలిసారి వెళ్ళేవాళ్ళకి టెన్షన్ లేని పద్ధతి. నడవలేని పెద్దవాళ్ళతో వెళ్తున్నా, ఆ చోటి సంగతులు చెప్పే మనిషి కావాలన్నా బాగుంటుంది. అయితే "రోజంతా" అని రాసి ఉన్న ట్రిప్పులో నేల మీద గడిపేది ఎంతసేపో విడిగా అడగండి. నీటి మీద తిప్పే సమయం, ఎక్కే దిగే సమయం, భోజనం పోగా గంటన్నర మిగిలితే అదే ఎక్కువ. ఇంకో సంగతి, యాభై అరవై మంది ఒకేసారి దిగుతారు. ప్రశాంతత కోసం వెళ్తున్నవాళ్ళకి ఇది సరిపోదని నా అభిప్రాయం. పక్షుల కూతలు వినాలనుకున్నచోట మైకు వినాల్సి వస్తుంది.

మాట్లాడుకున్న పడవలో స్వేచ్ఛ ఎక్కువ. మనవాళ్ళే ఉంటారు, ఇష్టమైనప్పుడు బయల్దేరొచ్చు, ఫెర్రీ పోని దీవులకి పోవచ్చు. ఆరుగురి నుంచి పదిమంది దాకా ఉంటే ఖర్చు కూడా తలా కొంచెమే పడుతుంది. కానీ ఫెర్రీలో వేరేవాళ్ళు చూసుకునే విషయాలన్నీ ఇక్కడ మనం చూసుకోవాలి. ఎక్కకముందే పడవ నడిపే సరంగుతో మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. పడవ దీవి దగ్గరే ఆగుతుందా, లేక మమ్మల్ని దింపి వెళ్ళిపోయి మళ్ళీ వస్తారా? వెళ్ళిపోతే మధ్యలో గాలి ముదిరితే ఏం చేస్తారు, మాకు ఎలా కబురు చేస్తారు? మేము తిరిగి ఎక్కే వేళకి రేవులో నీళ్ళు ఎంత ఉంటాయి? ఈ పడవకి ఎంతమందిని ఎక్కించే అనుమతి ఉంది? ఇంజను ఆగిపోతే ఏమిటి దారి? మంచి సరంగు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. తానే ఇంకో రెండు జాగ్రత్తలు చెప్తాడు. "ఏం ఫర్వాలేదు, నేనున్నాగా" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడి పడవ ఎక్కొద్దు. దింపి మళ్ళీ వచ్చే ఒప్పందమైతే సగం డబ్బు పోయేటప్పుడు, మిగతా సగం తిరిగి ఒడ్డున దిగాక ఇచ్చేలా మాట్లాడుకోండి. ఇది అపనమ్మకం కాదు. సాయంత్రం ఇంకో బేరం తగిలినా ముందు మన దగ్గరికే రావడానికి వాళ్ళకీ ఒక కారణం ఉండాలి.

లైఫ్ జాకెట్ల విషయం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పడవలో "ఉన్నాయి" అన్న మాటతో చాలామంది ఊరుకుంటారు. జాకెట్ లోపలివైపు దాని తేల్చే బలాన్ని న్యూటన్లలో చెప్పే ఒక అంకె ఉంటుంది. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్ళకి, సాయం దగ్గర్లో ఉన్నచోట తేలడానికి మాత్రమే. 100 అని ఉంటే అలలు లేని చోట్లకి సరిపోతుంది. 150 అయితే స్పృహ తప్పినా చాలామందిని ముఖం పైకి ఉండేలా తిప్పగలదు. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి తొడిగితే నీళ్ళలో పడగానే మనిషి కిందికి జారిపోతాడు, జాకెట్ పైన మిగులుతుంది. పిల్లల జాకెట్‌కి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిపోతే అది ఆ పిల్లకి సరిపోదు. సైజు లేదంటే ఆ రోజు ఆ పడవ వద్దు. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

పడవ వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీటి మీద వేగాన్ని నాట్లలో చెప్తారు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. దీవి 12 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 14 నాట్లతో పోయే ఫెర్రీ అరగంట లోపే చేరుస్తుంది. 6 నాట్ల చిన్న పడవకి గంట దాటుతుంది. రానూపోనూ కలిపితే మీ రోజులో గంటకి పైగా తేడా. నది లంకలకైతే ఇంకో మెలిక ఉంది, ప్రవాహం. నిలకడ నీటిలో గంటకి 10 కిలోమీటర్లు పోయే పడవ, 4 కిలోమీటర్ల వేగంతో పారే నదిలో వాలుకి పోతే 14 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, ఎదురీదితే 6కి పడిపోతుంది. ఏడు కిలోమీటర్ల దూరానికి వాలులో అరగంట, ఎదురులో గంటా పది నిమిషాలు. పోయేటప్పుడు పట్టిన సమయమే తిరిగొచ్చేటప్పుడూ పడుతుందనుకుని బయల్దేరితే చీకటి పడుతుంది. వీలుంటే ఎదురు ప్రయాణం పొద్దున్న, వాలు ప్రయాణం సాయంత్రం పడేలా దీవిని ఎంచుకోండి.

ఏ రోజు, ఏ వేళ

సముద్రపు దీవి అయితే క్యాలెండర్ కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడాలి. నీళ్ళు ఎక్కితే పోటు, తీస్తే ఆటు. ఎక్కువ తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి ఇంకో పోటుకి దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ప్రతి రోజూ అవే పోట్లు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఈ 50 నిమిషాలు చూడ్డానికి చిన్నవే గానీ వారం తిరిగేసరికి ఆరు గంటలకి దగ్గరవుతాయి. పోయిన ఆదివారం మీ స్నేహితులు దిగిన వేళకి నిండుగా ఉన్న రేవు, ఈ ఆదివారం సరిగ్గా అదే వేళకి ఎండిపోయి ఉంటుంది. "మేము వెళ్ళినప్పుడు ఏ ఇబ్బందీ లేదు" అని ఎవరైనా అంటే ఏ తేదీన వెళ్ళారో అడగండి.

పౌర్ణమికి, అమావాస్యకి, వాటి తర్వాత ఒకటి రెండు రోజులకి నీళ్ళు బాగా ఎక్కుతాయి, అంతే బాగా తీస్తాయి. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తక్కువ. లోతులేని రేవున్న దీవికి పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే అష్టమి దగ్గర రోజుల్నే ఎంచుకోమంటాను. నత్తగుల్లలు, ఎండ్రకాయలు, రాళ్ళ మధ్య నీటి గుంటల్లోని జీవాలు చూడాలనుకునేవాళ్ళకి మాత్రం పౌర్ణమి అమావాస్యల ఆటు వేళే బంగారం లాంటిది. ఒకే దీవి, ఒకే పడవ, రోజు మారితే ఎంపిక తలకిందులవుతుంది. నీళ్ళు ఒకే వేగంతో తగ్గవు. పోటు నుంచి ఆటుకి ఉన్న మొత్తం తేడాని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత రెండు, ఒకటి. మొత్తం తేడాలో సగం మధ్య రెండు గంటల్లోనే పోతుంది. మేము మెట్లెక్కి వెళ్ళిన మూడు గంటల తర్వాత ఒక్కసారి వచ్చి చూసుకుని ఉన్నా ఏం జరగబోతోందో అర్థమయ్యేది. ఇప్పుడు ఏ రేవులో దిగినా ముందు రాళ్ళ మీద పాచి గీత చూస్తాను. గీత నీళ్ళకి చాలా పైన ఉంటే ఇంకా నీళ్ళు ఎక్కే చోటు అది. గీతకి తగిలేటంత నిండుగా ఉంటే ఇక తగ్గడమే.

అన్ని చోట్లా ఇది ఒకేలా ఉండదు. మధ్యధరా సముద్రంలో చాలా తీరాల్లో ఆటుపోట్ల తేడా అడుగు దాటదు. కెనడాలోని ఫండీ అఖాతంలో అది 16 మీటర్ల దాకా పోతుంది. సరస్సు దీవులకి ఈ బెడదే లేదు. అక్కడ చూడాల్సింది గాలి. లోతు తక్కువ ఉన్న సరస్సులో గాలి లేచిన కాసేపటికే పొట్టిగా, నిటారుగా అలలు లేస్తాయి. చిన్న పడవకి పెద్ద అల కంటే ఈ పొట్టి అలలే చేటు. నది దీవులకైతే ఎగువన ఆనకట్ట ఉందా, నీళ్ళు వదిలే రోజా అన్నది కనుక్కోవాలి. అలాగే చలికాలం పొద్దుట మంచు. పొగమంచు విడిచేదాకా పడవ కదలకపోతే మీ రోజు రెండు గంటలు కుదించుకుపోతుంది.

పొద్దుటి పడవా, పదకొండు గంటల పడవా అంటే నేను ఎప్పుడూ పొద్దుటిదే అంటాను. నిద్ర చెడుతుందని ఇంట్లో గొణుగుతారు, అయినా సరే. ఎండెక్కే కొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. అందుకే తీరాల దగ్గర పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి కదులుతాయి. పోయేటప్పుడు నెమ్మదిగా ఉందని తిరుగు ప్రయాణం కూడా అలాగే ఉంటుందనుకోకూడదు. రెండు పడవలున్నప్పుడు ఆఖరి దాని ముందు పడవకి తిరిగి రావాలని అనుకోండి. ఆఖరిది చేతిలో మిగిలి ఉంటుంది.

గాలి ఎంత ఉంటే వెళ్ళొచ్చు? వాతావరణ సూచనలో వేగం చూడటం సులువే, దాన్ని నీటి మీద గుర్తుపట్టడం కూడా నేర్చుకోవచ్చు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1805లో మొదలుపెట్టిన, గాలి బలాన్ని అంకెల్లో చెప్పే కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది. అలల తలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే 3, అంటే గంటకి 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి. ఎటు చూసినా తెల్ల తలలే అయితే 4, అంటే 20 నుంచి 28 కిలోమీటర్లు. నా మటుకు నేను చిన్న తెరిచి ఉన్న పడవలో కుటుంబంతో వెళ్ళేది 3 దాకానే. 4 అంటే ఫెర్రీ ఉంటే ఫెర్రీ, లేకపోతే ఇంకో రోజు. ఒడ్డు మీంచి సముద్రం వైపు వీచే గాలి మోసం చేస్తుంది. రేవు దగ్గర నీళ్ళు నున్నగా ఉంటాయి, ఒడ్డు చాటు దాటాక అసలు రూపం తెలుస్తుంది. గాలీ, నీటి పోకా ఎదురెదురుగా ఉన్నప్పుడు అలలు నిటారుగా లేస్తాయి. రెండూ ఒకే దిక్కున ఉంటే అదే గాలికి నీళ్ళు చాలా మెత్తగా ఉంటాయి. ఎక్కడో దూరాన తుపాను ఉంటే గాలే లేని రోజున కూడా పొడవాటి అలలు వస్తాయి. నేరుగా ఇసుక ఒడ్డున దింపే దీవులకి ఆ రోజు మంచిది కాదు. "ఈ రోజు వద్దు" అని సరంగు అంటే బతిమాలకండి. ఎక్కువ డబ్బు ఇస్తామని అసలే అనకండి.

పడవ పడనివాళ్ళు ఇంట్లో ఒకరైనా ఉంటారు. మా వదినకి పడదు. చెవి లోపలి భాగం కదలికని చెబుతుంటే కళ్ళు ఎదురుగా ఉన్న బల్లని చూసి కదలిక లేదంటాయి. ఆ గొడవకే కడుపు తిప్పుతుంది. అలాంటివాళ్ళకి పెద్ద పడవ, దగ్గర దీవి, పొద్దుటి వేళ, ఈ మూడూ కలిసిన ఎంపిక కావాలి. పడవ మధ్యలో, బయటి గాలి తగిలేచోట కూర్చుని దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూస్తుండాలి. ఫోన్ చూడకూడదు. మాత్ర వేసుకుంటే ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. మాత్రకి మత్తు వస్తుంది, కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు, వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వేసుకోవాలి.

ఏ దీవి

జనం ఉన్న దీవా, ఎవరూ లేని దీవా అన్నది అసలైన తేడా. ఊరున్న దీవిలో నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సాయం దొరుకుతాయి. పొలాల గట్ల మీద నడవొచ్చు, పశువులు మేసేచోట కూర్చోవచ్చు, మనుషులతో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. జనం లేని దీవి ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా ఐదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ నేను చెప్పను. నడివయసు స్నేహితులు నలుగురు, కావలసినవన్నీ మోసుకెళ్ళగలిగినవాళ్ళు, నిశ్శబ్దం కోసమే వెళ్తున్నవాళ్ళయితే మాత్రం దానికి సాటి లేదు.

మధ్యస్థంగా ఉండే మూడో రకం నాకు ఎక్కువ ఇష్టం. ఊరు ఉంటుంది, కార్లు ఉండవు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్‌లోని సార్క్ దీవి అలాంటిదే. అక్కడ కార్లకి అనుమతి లేదు, జనం నడుస్తారు, సైకిలు తొక్కుతారు, గుర్రపు బళ్ళెక్కుతారు, పనులకి ట్రాక్టర్లు వాడతారు. ఇంత కచ్చితమైన నిబంధన లేకపోయినా వాహనాలు ఎక్కించే ఫెర్రీ లేని దీవుల్లో ఇలాంటి నెమ్మదే ఉంటుంది. కాబట్టి దీవి ప్రశాంతంగా ఉంటుందా లేదా అని తెలుసుకోవడానికి తేలిక గుర్తు ఇది, దానికి కార్లెక్కించే పడవ ఉందా?

చిన్న దీవి పేరు వినగానే అందరూ మర్చిపోయేది మంచినీళ్ళు. సముద్రపు దీవుల్లో వాన నీరు నేలలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. ఆ మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక మీటరు పైన ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుందని లెక్క. అంటే పైన మట్టం కాస్త తగ్గినా కింద నుంచి ఉప్పు చాలా పైకి వస్తుంది. అక్కడివాళ్ళ బావి అంత సున్నితమైనది. తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్ల తక్కువ కాకుండా మీరే తీసుకెళ్ళండి. కాళ్ళు కడుక్కోవడానికి వాళ్ళ బావి నీళ్ళు తోడకండి.

దిగాక నడకా, సైకిలా

ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను. పడవ తొమ్మిదింటికి, చేరేది 9:40కి. ఆఖరి పడవ నాలుగున్నరకి, దాని ముందుది మూడింటికి. మూడింటి దాన్ని అందుకోవాలనుకుంటే రెండున్నరకి రేవులో ఉండాలి. చేతిలో నాలుగు గంటల యాభై నిమిషాలు. భోజనానికీ, విశ్రాంతికీ గంటన్నర తీసేయండి. మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలు. పిల్లలతో గంటకి మూడు కిలోమీటర్లు నడుస్తారనుకుంటే మొత్తం పది కిలోమీటర్లు. అంటే రేవు నుంచి ఐదు కిలోమీటర్లు మించి దూరం పోకూడదు. నేనైతే నాలుగు దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతాను. పిల్లలకి తిరుగు దారి ఎప్పుడూ పొడవే. దీవిలో కొండ ఉంటే స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క పనికొస్తుంది. చదునున గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి, అదీ మధ్యలో ఆగకుండా పోతే.

సైకిలైతే అదే సమయంలో మూడింతల దూరం పోవచ్చు. కానీ దారి ఏమిటో ముందు కనుక్కోండి. ఇసుక దారిలో సైకిల్ని మనం మోయాల్సి వస్తుంది. ఫెర్రీలో సైకిల్ ఎక్కించనిస్తారా, అక్కడ అద్దెకి దొరుకుతుందా, దొరికితే పొద్దుటి పడవ దిగేవాళ్ళకే అయిపోతాయా అన్నవి కూడా. దీవి పొడవు నాలుగు కిలోమీటర్ల లోపు ఉంటే సైకిల్ వద్దనే అంటాను. చిన్న దీవిని చక్రాల మీద గంటలో చుట్టేసి, మిగతా నాలుగు గంటలు రేవులో కూర్చోవడం వల్ల ఏం వస్తుంది? నడిచినవాళ్ళకే కనిపించేవి ఉంటాయి. ఒకచోట ఇసుక మీద ఏమీ లేదనుకుని అడుగు వేయబోతే మా పెద్దబ్బాయి ఆపాడు. వేలి కణుపంత గుడ్లు రెండు, ఇసుక రంగులోనే గోధుమ మచ్చలతో, చుట్టూ గడ్డిపోచ కూడా లేకుండా. చాలా సముద్ర పక్షులు గూడు కట్టవు, ఇసుకలోనో గులకరాళ్ళలోనో చిన్న గుంట చేసి అందులోనే పెడతాయి. పక్షులు తల మీద తిరుగుతూ అరుస్తుంటే గుడ్లు దగ్గర్లో ఉన్నట్టు. వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మనం అక్కడే నిలబడితే తల్లి పక్షి రాదు, ఆ ఎండకి గుడ్లు ఎక్కువసేపు ఆగవు. కుక్కని తీసుకెళ్ళేవాళ్ళు గుడ్లు పెట్టే కాలంలో ఇలాంటి దీవిని ఎంచుకోకపోవడమే మంచిది.

ఎండ సంగతి కూడా. నీళ్ళ దగ్గర టోపీ ఒక్కటే చాలదు. అతినీలలోహిత కిరణాల్లో పొడి ఇసుక దాదాపు 15 శాతం, సముద్రపు నురగ 25 శాతం తిప్పికొడతాయి. కింద నుంచి కూడా కాలుతుంది. చేతులు కప్పే పల్చటి చొక్కా వేసుకోండి. సామాను విషయంలో తక్కువే మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉండేలా వీపు సంచి ఒక్కటి. పడవలోకి ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి చేయి కావాలి. ఫోన్ తడవని కవరులో. చెత్త ఎంత తీసుకెళ్తే అంతా తిరిగి తేవాలి. దీవిలో చెత్తబుట్ట కనిపించినా దాన్ని ఒడ్డుకి మోసేది కూడా ఒక పడవే. పొద్దుటి ఫెర్రీలో దీవి జనానికి, బడి పిల్లలకి ముందు చోటివ్వండి. మనకి విహారమైన పడవ వాళ్ళకి రోజువారీ బస్సు.

పడవ తప్పితే

ఎంత లెక్క వేసుకున్నా ఒక రోజు గాలి ముదిరి ఆఖరి పడవ రద్దు కావచ్చు. అందుకే దిగిన వెంటనే, ఇంకా ఎవరికీ అలసట లేనప్పుడే, రేవు దగ్గర ఎవరినైనా అడుగుతాను, ఇక్కడ రాత్రి ఉండాల్సి వస్తే ఎక్కడ ఉంటారు, అత్యవసరమైతే పడవ ఎవరి దగ్గర ఉంది అని. ఒడ్డున ఉన్న ఒక మనిషికి మేము వెళ్ళిన దీవి, పడవ, తిరిగొచ్చే వేళ చెప్పి, ఫలానా టైమ్‌కి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా చెప్పి వెళ్తాను. పడవ తప్పిందని నీళ్ళలో నడిచి గానీ, ఈది గానీ, దారి తెలియనివాళ్ళ చిన్న పడవలో చీకట్లో గానీ దాటే ప్రయత్నం చేయొద్దు. ఒక రాత్రి ఉండిపోవడం ఇబ్బందే, ప్రమాదం కాదు. దానికి సిద్ధంగా ఉండటానికి పెద్ద సామాను కూడా అక్కర్లేదు. ఒక దుప్పటి, ఒక టార్చి, కాస్త తిండి, ఫోన్‌కి పవర్ బ్యాంక్, రోజూ వేసుకునే మందులు ఇంకో రోజుకి సరిపడా.

అమ్మ బీపీ మాత్ర ఒకటి ఎప్పుడూ అదనంగా నా సంచి జేబులో ఉంటుంది. ఇప్పటిదాకా వాడాల్సి రాలేదు. ప్రతిసారీ ఇంటికి తెచ్చి మళ్ళీ డబ్బాలో పెడుతున్నాం.